ఖాళీగా తిరిగొచ్చే పెట్టె

మదనపల్లె టమాటా మార్కెట్లో పొద్దున్నే అందరి కళ్ళూ నిండిన క్రేట్ల మీదే ఉంటాయి. రైతు వేలంపాట ఎంతకు పోతుందోనని చూస్తాడు, వ్యాపారి కాయ గట్టిదనం చూస్తాడు, హమాలీ బరువు చూస్తాడు. లారీలు కదిలి ఎండెక్కాక షెడ్ల వెనక ఇంకో పని మొదలవుతుంది. ముందు వారం దూరాలకు వెళ్ళిన క్రేట్లు ఖాళీగా తిరిగొచ్చి దిగుతుంటాయి. పక్కన అచ్చుపోసిన పేరు చూసి ఎవరివి వాళ్ళకు వేరు చేస్తారు. పగిలినవి ఒక పక్కకు, పిడి విరిగినవి ఇంకో పక్కకు, ఎవరివో తెలియనివి మూలకు. రవాణాకు ఏ పెట్టె కొనాలో తేల్చుకోవాలనుకునేవాళ్ళు నిండు క్రేట్ల దగ్గర కాకుండా ఈ కుప్పల దగ్గర ఒక గంట నిలబడాలని నేను గట్టిగా నమ్ముతాను. సరుకుతో వెళ్ళేటప్పుడు ఏ పెట్టె అయినా పనికొస్తుంది. దాని ఎంపిక సరైందో కాదో తెలిసేది ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే.

మళ్ళీ మళ్ళీ వాడే పెట్టెలు మనకు కొత్త కాదు. పల్లెలో పాల కేంద్రం దగ్గర 40 లీటర్ల అల్యూమినియం క్యాను తరాలుగా తిరుగుతోంది. దాని మెడ మీద కేంద్రం నంబరు ఉంటుంది, డెయిరీలో కడిగి అదే బండిలో వెనక్కి పంపుతారు. వంటింటి గ్యాస్ సిలిండర్‌ను ఇంకా దగ్గరగా చూడండి. 14.2 కిలోల గ్యాస్, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. పై పట్టీ లోపలివైపు ఏ నుంచి డి వరకు ఒక అక్షరం, పక్కన రెండంకెలు. అక్షరం మూడు నెలల గడువును, అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. ఆ గడువుకు దాన్ని మళ్ళీ పరీక్షించాలి. ఖాళీది ఇస్తేనే నిండుది దింపుతారు, మన డిపాజిట్ కంపెనీ దగ్గర ఉంటుంది. యజమాని ఎవరు, ఎవరు వెనక్కి తేవాలి, ఎన్నాళ్ళు నమ్మొచ్చు, పోతే ఎవరు కట్టాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ ఇనప బుడ్డి మీదా, దాని చుట్టూ ఉన్న ఏర్పాటులోనూ జవాబులున్నాయి. కొత్తగా క్రేట్లు కొనేవాళ్ళు వీటిలో ఒక్కదానికైనా జవాబు లేకుండా కొన్నారంటే డబ్బు రోడ్డు మీద పోసినట్టే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట నేను లెక్కలు చూసిన ఒక పండ్ల గోడౌన్లో మామిడి సీజనుకు ముందు మూడు వేల క్రేట్లు కొన్నారు. గట్టి సరుకు, మనిషి ఎక్కి నిలబడినా వంగేవి కావు. సీజను చివర లెక్కపెడితే పదకొండు వందలు మిగిలాయి. ఒక్కటీ పగిలి పోలేదు. కూరగాయల బండ్ల మీద, టీ కొట్ల దగ్గర స్టూళ్ళుగా, ఇళ్ళల్లో బట్టల పెట్టెలుగా స్థిరపడిపోయాయి. డిపాజిట్ తీసుకోలేదు, చలానాలో క్రేట్ల సంఖ్య రాయలేదు, ఎవరినీ అడగడానికి మా దగ్గర కాగితమే లేదు. ప్లాస్టిక్ వందసార్లు తట్టుకుంటుందని అమ్మినవాడు చెప్పింది నిజమే, వంద ట్రిప్పులు అది మా దగ్గర ఉండలేదంతే.

లెక్క కోసం క్రేటు ఖరీదు 300 రూపాయలు అనుకుందాం. ప్రతి ట్రిప్పులో వందకు పది పోతే, సగటున ఒక క్రేటు పది ట్రిప్పులే బతుకుతుంది. అంటే ట్రిప్పుకు 30 రూపాయలు. వందకు ఐదు పోతే 20 ట్రిప్పులు, 15 రూపాయలు. రెండే పోతే 50 ట్రిప్పులు, 6 రూపాయలు. దీని మీద తిరుగు కిరాయి, కడిగే కూలి, ఆరబెట్టే చోటు కలపాలి. వందకు పది పోయే దారిలో మంచి అట్టపెట్టె దీనికంటే చవక పడొచ్చు. కొటేషన్లలో కనిపించే ఖరీదు కన్నా, మన్నిక కన్నా ఈ పోయే శాతమే బలమైన అంకె. విచిత్రంగా దాన్ని అడిగేవాళ్ళు చాలా తక్కువ.

రెండో అంకె చుట్టు తిరిగే రోజులు. మదనపల్లె నుంచి ఢిల్లీకి సరుకు చేరడానికి నాలుగు రోజులు, అక్కడ అమ్ముడై ఖాళీ అవడానికి రెండు, లారీకి సరిపడా పోగై తిరిగి రావడానికి ఆరు, కడిగి ఆరబెట్టడానికి ఒకటి అనుకుంటే మొత్తం పదమూడు రోజులు. రోజుకు 500 క్రేట్లు పంపే వ్యాపారికి 6500 కావాలి, పగిలేవాటికీ పండగ రద్దీకీ ఇంకొన్ని. అదే చెన్నైకో బెంగళూరుకో అయితే మూడు రోజుల చుట్టు, 1500 చాలు. ఒకే సరుకు, ఒకే క్రేటు, కానీ పెట్టుబడి నాలుగింతలు తేడా. అందుకే దగ్గరి ఊళ్ళకు మళ్ళీ వాడే క్రేటు కళ్ళు మూసుకుని కొనొచ్చు. దూరానికి మాత్రం అక్కడ ఖాళీలు పోగుచేసే నమ్మకమైన మనిషి దొరికాకే కొనాలి.

తిరుగు కిరాయి దగ్గరే పెట్టె ఆకారం లెక్కలోకి వస్తుంది. నిలువు గోడల మామూలు క్రేటు ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా లారీలో అంతే చోటు తింటుంది. ఒక లారీ సరుకు వెళ్తే ఒక లారీ గాలి వెనక్కి వస్తుంది. గోడలు కాస్త ఏటవాలుగా ఉండే రకం ఒకటుంది. ఒక వైపుకు పెడితే పైది కిందదాని అంచు మీద కూర్చుంటుంది, సగం చుట్టు తిప్పి పెడితే లోపలికి దిగిపోతుంది. హమాలీ తికమకపడకుండా కొన్నిటికి ఒక వైపు వేరే రంగు వేస్తారు. ఖాళీవి సుమారు మూడింట ఒక వంతు చోటులో సర్దుకుంటాయి. గోడలు మడిచే రకం ఇంకా తక్కువ చోటు తీసుకుంటుంది కానీ దానికి మడత బందులుంటాయి, బందులు విరుగుతాయి, సందుల్లో మురికి నిలుస్తుంది. బురద చేతులతో, హడావుడిగా, విసిరి దించే మన మార్కెట్లలో మడత క్రేటు ఎక్కువకాలం ఉండదని నా అభిప్రాయం. సూపర్ మార్కెట్ల సొంత గోడౌన్ల మధ్య తిరిగే సరుకుకు అదే చాలా మంచిది. దూరం తక్కువై, వెళ్ళిన బండే ఖాళీలు తెచ్చేటట్టయితే నిలువు గోడలదే మేలు, లోపల ఎక్కువ పడుతుంది, ధరా తక్కువ. వాహనాల కర్మాగారాలకు విడిభాగాలు పంపేవాళ్ళు చేసేది ఇదే. భాగాలు దించిన లారీ వెనక్కి వచ్చేటప్పుడు నిన్నటి ఖాళీలు ఎక్కించుకుంటుంది.

టమాటా దగ్గర ఇంకొక్క నిమిషం ఆగాలి. క్రేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు పై బరువంతా కింది క్రేటు అంచు మోయాలి, కాయ మోయకూడదు. అందుకే క్రేటు అంచుకు రెండు వేళ్ళు తక్కువగా నింపాలి. తూకానికి ఇంకో రెండు కిలోలు కలుస్తాయని అంచు దాటి పోస్తే పై క్రేటు అడుగు కాయల మీద కూర్చుంటుంది. గుంతల రోడ్డు మీద రాత్రంతా ఆ బరువు ఊగుతుంటే తెల్లారేసరికి మూలల్లోంచి రసం కారుతుంటుంది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సిఫెట్ 2015 నివేదికలో టమాటా కోత తర్వాతి నష్టం 12 శాతానికి పైగా ఉంది. అందులో అన్నీ పెట్టె తప్పులు కాకపోవచ్చు. కానీ మంచి క్రేటు కొని అంచుదాకా కుక్కితే వెదురు గంపకూ దానికీ తేడా ఏముంది? రైతు కష్టం కారిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పండ్లకు, కూరగాయలకు గాలి ఆడే చిల్లుల గోడలు కావాలి. చేపకు, మాంసానికి నీళ్ళు కారని నిండు గోడలు, కడగడానికి నున్నటి అడుగు కావాలి. ప్లాస్టిక్‌లోనూ తేడా ఉంది. పాలీప్రొపిలీన్ గట్టిగా, తేలిగ్గా ఉంటుంది కానీ మామూలు రకం చలికి పెళుసుబారుతుంది. మైనస్ 18 డిగ్రీల గదిలో కింద పడితే గాజులా పగలొచ్చు. శీతల గిడ్డంగులకు హెచ్‌డీపీఈ అనే రకం నయం. మన ఎండల్లో ఆరుబయట పేర్చి ఉంచేవాళ్ళు ఎండను తట్టుకునే మందు ప్లాస్టిక్‌లో కలిపారా అని అడగాలి. కలపని క్రేటు రంగు వెలిసి, గోకితే పొడి రాలుతుంది. ఆ తర్వాత పగుళ్ళు ఎంతో దూరంలో ఉండవు.

అన్నిటికీ ప్లాస్టిక్ అవసరమా అంటే కాదు. ధాన్యానికి గోనె సంచిని మించింది ఇంకా రాలేదు. 1987లో వచ్చిన చట్టం కింద తిండిగింజలకు, చక్కెరలో కొంత భాగానికి జనపనార సంచులే వాడాలన్న నియమం కూడా ఉంది. 50 కిలోలు పట్టే కొత్త సంచి బరువు 580 గ్రాములు. ఖాళీగా మడిస్తే చోటు తినదు, గాలి పోనిస్తుంది, చిరిగితే కుట్టుకోవచ్చు. దానికి శత్రువు హమాలీ చేతిలోని కొక్కెం, ఆ తర్వాత తడి. ధాన్యం కొనుగోళ్ళ కాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా సంచుల కొరత వార్తలొస్తాయి, రేషన్ డీలర్ల దగ్గరి పాత సంచుల కోసం అధికారులు తిరుగుతారు. గోనె లోకంలోనూ తిరిగి రావడమే సమస్య అని దీన్నిబట్టి తెలుస్తుంది. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. నొక్కితే అణిగే, తేలికైన, గాలి కావలసిన సరుకును గట్టి పెట్టెలో పెట్టడం చోటు దండగ.

కొలతల దగ్గరకు వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే. 600×400 మిల్లీమీటర్ల అడుగున్న క్రేటు ఎందుకు అంతగా వ్యాపించింది? 1200×800 ప్యాలెట్ (పెట్టెలు పేర్చే బల్ల) మీద అవి నాలుగు, 1200×1000 ప్యాలెట్ మీద ఐదు, అంగుళం దండగ కాకుండా కూర్చుంటాయి. 1200×800 యూరప్ కొలత. అక్కడి రైల్వేలు 1961 నుంచి ఒకే రకం చెక్క ప్యాలెట్‌ను అందరూ మార్చుకునేలా చేశాయి. నిండుది ఇచ్చి ఖాళీది పుచ్చుకోవడం, మన గ్యాస్ సిలిండర్ పద్ధతే. ఆస్ట్రేలియాలో రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వదిలివెళ్ళిన ప్యాలెట్లతో ప్రభుత్వం ఒక ఉమ్మడి నిధిలాంటిది నడిపింది. 1958లో ప్రైవేటు చేతికి వెళ్ళిన ఆ సంస్థే ఈనాటి చెప్. నీలం రంగు ప్యాలెట్లను అద్దెకిచ్చి, తానే పోగుచేసుకుని, తానే బాగుచేసి మళ్ళీ పంపుతుంది. వాడేవాడు కొనడు, తిప్పడం గురించి ఆలోచించడు, రోజుకింత అని కడతాడు.

ఇప్పుడు ఈ ప్యాలెట్లను 20 అడుగుల కంటైనర్లోకి ఎక్కించి చూడండి. లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. 1200 వైపులు రెండూ అడ్డంగా పెట్టాలంటే 2.4 మీటర్లు కావాలి, ఐదు సెంటీమీటర్లు తక్కువ పడతాయి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే 2.2, సరిపోతుంది. అలా 1200×1000 ప్యాలెట్లు పది పడతాయి. టేపు పట్టి కొలవకుండా ఆర్డరిచ్చి, బండి దగ్గర ఆ ఐదు సెంటీమీటర్లకు తల పట్టుకున్నవాళ్ళను చూశాను. ప్యాలెట్ కొనేటప్పుడు మోసే బరువు ఎంత అని ఒక్క మాటలో అడిగితే చాలదు. నేల మీద నిలిపినప్పుడు ఎంత, ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తినప్పుడు ఎంత, రెండంచుల ఆధారంతో ర్యాక్ మీద పెట్టినప్పుడు ఎంత అని మూడూ అడగాలి. మూడోది అన్నిటికంటే తక్కువ, ప్రమాదం కూడా అక్కడే. చెక్క ప్యాలెట్ సముద్రం దాటాలంటే పురుగు చావడానికి చెక్క నడిబొడ్డుదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించి ముద్ర వేయించాలి. ఆ ముద్ర లేకపోతే చాలా దేశాలు రేవులోనే ఆపేస్తాయి.

ద్రవాలకు, పొడులకు వేరే వరస. టన్ను పట్టే జంబో సంచుల్లో ఒక్కసారి వాడేవాటికి రాసిన బరువుకు ఐదింతలు తట్టుకునే బలం, పలుసార్లు వాడేవాటికి ఆరింతలు ఉండాలని నియమం. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, కుట్టిన చీటీ చదివితే తప్ప తేడా తెలియదు. ఐదింతల సంచిని మూడోసారి క్రేనుకు తగిలించి కింద మనుషుల్ని నిలబెట్టడం నేరమనే అంటాను. ఇనప చట్రంలోని వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు ప్రమాదకర రసాయనాలకు తయారైన నాటినుంచి ఐదేళ్ళే చెల్లుతాయి, మధ్యలో రెండున్నరేళ్ళకు తనిఖీ ఉండాలి. ఇక నీలం డ్రమ్ములు. మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళ ముందు నీళ్ళు పట్టుకోవడానికి అవి ఉన్నాయో చూడండి. ఒకప్పుడు వాటిలో ఏముండేదో అమ్మినవాడికే తెలియదు. ప్లాస్టిక్ గోడ కొన్ని రసాయనాలను పీల్చుకుని ఆ తర్వాత నెమ్మదిగా వదులుతుంది, సబ్బుతో కడిగితే పోదు. మళ్ళీ వాడటం మంచిదే, కానీ ముందు ఏం నింపారో తెలిసిన పెట్టెకే ఆ మాట వర్తిస్తుంది. పసిపిల్లలు తాగే నీటి దగ్గర ఈ విషయంలో రాజీ వద్దు.

అన్నిటికన్నా పెద్ద పెట్టె ఓడ కంటైనర్. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి ఐడియల్ ఎక్స్ అన్న ఓడలో 58 పెట్టెలను అమెరికాలో న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపినప్పటి నుంచి దాని కథ మొదలు. ఎనిమిది మూలల్లోనూ ఒకే రకం ఇనప దిమ్మెలు, ప్రపంచమంతా ఒకే కొలతలు, వెనక నాలుగు అక్షరాలు, ఆరంకెలు, తప్పు రాస్తే పట్టించే ఇంకో అంకె. ఇంత పకడ్బందీ పెట్టె కూడా ఖాళీ ప్రయాణం ముందు ఓడిపోయిన కాలం మనం చూశాం. 2020, 2021లలో కోవిడ్ దెబ్బకు ఖాళీ కంటైనర్లు అమెరికా రేవుల్లో, లోపలి ఊళ్ళలో ఇరుక్కుపోతే, ఆసియాలో సరుకు సిద్ధంగా పెట్టుకున్నవాళ్ళకు పెట్టెలు దొరకలేదు. ఓడ కిరాయిలు ఎన్నో రెట్లు పెరిగాయి. మన రొయ్యల ఎగుమతిదారులూ చల్లని కంటైనర్ల కోసం ఎదురుచూశారు. పెట్టెలకు లోకంలో కరువు రాలేదు, ఉండాల్సిన చోట లేవంతే.

కంటైనర్ ఎంపికలో జనం ఎక్కువగా చేసే పొరపాటు 40 అడుగులది 20 అడుగులదానికి రెట్టింపు బరువు మోస్తుందనుకోవడం. మొత్తం బరువు పరిమితి రెండిటికీ దాదాపు ఒకటే, 30 టన్నుల చిల్లర. అందుకే బియ్యం, చీమకుర్తి గ్రానైట్ లాంటి బరువు సరుకుకు 20 అడుగులది, దుస్తుల్లాంటి తేలిక సరుకుకు 40. చల్లని కంటైనర్ గురించి ఒక ముక్క: అది సరుకును చల్లబరచదు, చల్లగా ఉన్నదాన్ని అలాగే ఉంచుతుంది. విశాఖలో రొయ్యలు మైనస్ 18కి గడ్డకట్టాకే లోపలికి వెళ్ళాలి. గోడ మీది ఎర్రగీత దాటి పేరిస్తే పైనుంచి గాలి తిరగదు.

పాత కంటైనర్ కొనేవాళ్ళు పగటిపూట వెళ్ళండి. లోపలికెళ్ళి తలుపులు వేయించుకుని రెండు నిమిషాలు చీకట్లో నిలబడండి. కళ్ళు అలవాటుపడ్డాక పైకప్పులో సూదిమొన లాంటి వెలుగు కనిపిస్తే, వానాకాలంలో అక్కడినుంచే నీళ్ళు కారతాయి. ముక్కుతో కూడా తనిఖీ చేయండి. రసాయనం వాసన చెక్క నేలలోకి ఇంకితే పోదు. నేల ప్లైవుడ్ మందం 28 మిల్లీమీటర్లు, మూలల్లో కాలితో తొక్కితే మెత్తగా దిగకూడదు. తలుపు మీది భద్రతా పలక చూడండి. తయారైన ఐదేళ్ళలోపు మొదటి తనిఖీ, తర్వాత 30 నెలలకొకసారి, లేదంటే కంపెనీ నిరంతర తనిఖీ పథకం కింద ఉన్నట్టు గుర్తు. గోడౌన్‌గా వాడేవాళ్ళకు అది అక్కర్లేదు, ఓడ ఎక్కించేవాళ్ళకు తప్పదు.

మళ్ళీ వాడటమే ఎప్పుడూ గొప్ప అని నేననను. చిత్తూరు మామిడి గుజ్జు సంగతే తీసుకోండి. 215 కిలోలు పట్టే ఇనప డ్రమ్ములు, 20 అడుగుల కంటైనర్‌కు 80. అవి సముద్రం దాటి వెళ్తే ఖాళీలను వెనక్కి తేవడానికి అయ్యే ఖర్చుకూ, కాలే నూనెకూ అర్థం లేదు. అక్కడే ఇంకొకరు వాడుకోవడమో, ఇనుముగా కరిగించడమో సరైన దారి. పర్యావరణం పేరు చెప్పి రెండువేల కిలోమీటర్లు ఖాళీ పెట్టెలను లారీలో తిప్పితే, పారేసిన అట్ట కన్నా ఎక్కువ పొగ రావచ్చు. కడగడానికి నీళ్ళు, ఆ మురికినీళ్ళు పోయే చోటు కూడా లెక్కలో ఉండాలి. కేంద్రం 2022లో తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు 2025-26 నుంచి గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో కొంత శాతం మళ్ళీ వాడి తీరాలంటున్నాయి. మంచి అడుగే. దాన్ని కాగితం మీద కాకుండా దారిలో నెరవేర్చాలంటే పైన చెప్పిన రెండు అంకెలు, పోయే శాతం, చుట్టు తిరిగే రోజులు, తెలియాలి.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నదీ వాటి మీదే తేలుతుంది. చుట్టు చిన్నదై, తెలిసిన నలుగురి మధ్యే తిరిగితే సొంతం చేసుకోండి. సీజను మూడు నెలలే ఉండి, మిగతా తొమ్మిది నెలలు క్రేట్లు ఎండకు ఎండేటట్టయితే అద్దె మేలు. డిపాజిట్ మాత్రం దాదాపు క్రేటు ఖరీదంత ఉండాలి. వంద రూపాయల డిపాజిట్‌కు మూడొందల క్రేటు ఇస్తే, అవతలివాడికి అది రెండొందలు తక్కువకు అమ్మినట్టే.

అందుకే ఎవరైనా సలహా అడిగితే ముందు యాభై క్రేట్లు కొనమంటాను. ఒక్కోదానికి నంబరు వేయండి, మీరు పంపే అసలు దారిలోనే, అదే లారీలో, అదే మండీకి పంపండి. చలానాలో ఎన్ని వెళ్ళాయో రాసి అవతల సంతకం తీసుకోండి. రెండు నెలలు తిరగనివ్వండి. ఎన్ని తిరిగొచ్చాయి, ఏ నంబరు ఎన్ని రోజులకు వచ్చింది, ఏవి ఎక్కడ పగిలాయి, పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం చేతిలో పట్టుకుని అప్పుడు క్రేట్ల కంపెనీకి ఫోన్ చేయండి.